సర్దుతున్నా

పాతికేళ్ళ పైచిలుకుగా ఒక్క మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. తార్నాకలో షేర్ ఆటో ఎక్కే ప్రతివాళ్ళూ రోజూ వినే మాటే. దాన్ని నేను ఒక మనిషి మీద వాడాను. ఆయన పరువు తీశాను, దాని మీదే నా బతుకు కట్టుకున్నాను. మోయగా మోయగా తేలికవుతుందనుకున్నాను గానీ కాలేదు. భుజం మొద్దుబారింది, అంతే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే సగంలోనే ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పు వద్దు. చిన్నతనం, పాపం అనకండి. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్న మనిషిది చిన్నతనం ఎలా అవుతుంది? ఆడపిల్లవి, ఎంత ఒత్తిడి పడ్డావో అని కూడా అనకండి. పడ్డాను, నిజమే. ఒత్తిడి పడ్డవాళ్ళందరూ ఎదుటివాణ్ణి అబద్ధాలకోరును చెయ్యరు.

నేను చదరంగం నేర్పుతాను. తార్నాక మెయిన్ రోడ్డు వెనక సందులో, మేడ మీద రెండు గదులు. ముందుగదిలో గోడకి ఒక ఫోటో ఉండేది. అందులో నేను తల ఎత్తుకుని కూర్చుని ఉంటాను. ఎదురుగా ఒక నల్లజాతి అమెరికన్ తల వంచుకుని కాగితం మీద సంతకం పెడుతుంటాడు. ఆ ఫోటో చూసి పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు చాలామంది. అమెరికా మాస్టర్‌ని ఓడించింది మేడమ్ అని వాళ్ళే ఇంకో నలుగురికి చెబుతారు. ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. ఇప్పుడంటున్నాను. ఆ ఆట నేను గెలవలేదు.

ఆయన పేరు రాయను. రాయమని ఆయన నాకు చెప్పలేదు. క్యాంపస్‌లో మేమందరం మాస్టారు అనేవాళ్ళం. చెస్‌లో మాస్టర్ అంటే ఆడి, గెలిచి సంపాదించుకునే బిరుదు. మాకు మాస్టారంటే పాఠం చెప్పే మనిషి. ఆయనకు రెండూ సరిపోయాయి. ఆఫ్రికా నుంచి వచ్చి వెనకటి నిజాముల దగ్గర కొలువు చేసిన హబ్షీల చరిత్ర రాద్దామని ఆయన మా యూనివర్సిటీకి వచ్చాడు. గది దొరికింది కూడా ఎక్కడా? తార్నాక పక్కనే, హబ్సిగూడలో. ఆ పేరు హబ్షీల వల్లే వచ్చిందంటారని ఎవరో చెబితే, కడుపు పట్టుకుని నవ్వాడట. "నేను రాకముందే వీధికి నా బోర్డు కట్టి ఉంచారు" అని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో.

మధ్యాహ్నం క్యాంటీన్ ముందు రాతి బెంచీ మీద గుడ్డతో కుట్టిన చదరంగం పరిచేవాడు. ఎవరొచ్చినా ఆడేవాడు, ఓడినవాళ్ళని కూర్చోబెట్టి ఎక్కడ ఓడారో చూపించేవాడు. నేను రోజూ వెళ్ళేదాన్ని. మగపిల్లలు నన్ను చూసి "నీకెందుకు చెస్, పోయి అష్టాచెమ్మా ఆడుకో" అనే రోజులవి. మాస్టారు ఒక్కడే నేను ఆడే ఎత్తుల్ని చూసేవాడు, నన్ను కాదు. చెస్ ఆడే ఆడపిల్లకి దానికన్నా ఏం కావాలి?

పావులు కదుపుతూ వాళ్ళ దేశంలో నల్లవాళ్ళలో మొదటితరం మాస్టర్ల సంగతులు చెప్పేవాడు. కొన్ని క్లబ్బుల్లో వాళ్ళు నిలబడి చూడొచ్చు, కుర్చీలో కూర్చోకూడదట. అందుకని పార్కుల్లో సిమెంటు బల్లల మీద ఆడి నేర్చుకున్నారు. కొందరు పోస్టు కార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ నెలల తరబడి ఆడేవాళ్ళు. కార్డు చూసి రాసినవాడి ఒంటిరంగు చెప్పలేరు గదా. నల్లవాడు గెలిస్తే ఆ ఆటను మొదటినుంచీ తిరగేసి చూసేవాళ్ళట, మోసం ఎక్కడుందా అని. ఓడితే ఎవరూ తిరగేసేవాళ్ళు కాదు. ఇవన్నీ మాస్టారు కోపంగా చెప్పేవాడు కాదు. మా తాతయ్య వరదల సంగతులు చెప్పినట్టు, మధ్యలో నవ్వుతూ చెప్పేవాడు.

ఆయనకు ఆట నేర్పిన గురువు కూడా ఆ తరంవాడే. ఇక్కడ కొంచెం ఆగి ఒక నియమం చెప్పాలి, లేకపోతే నేను చేసిందేమిటో మీకు తెలియదు. చెస్‌లో మన వంతు వచ్చినప్పుడు మన పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. గడిలో వంకరగా ఉన్న పావును సరిగ్గా నిలబెట్టాలంటే, ముట్టుకునే ముందే ఆ సంగతి నోటితో చెప్పాలి. ఇంగ్లీషులో అడ్జస్ట్ అంటారు. మా క్యాంపస్‌లో సర్దుతున్నా అనేవాళ్ళం. అది ముందు అనాలి. చెయ్యి పెట్టాక అంటే చెల్లదు.

మాస్టారి గురువు ఒక్క ఆట గెలిస్తే మాస్టర్ బిరుదు వచ్చే రోజు ఒకటి వచ్చింది. ఎదుటివాడు తెల్లవాడు. తొందరపడి ఏనుగును ముట్టుకున్నాడు. కదిపితే ఓడతాడు. చెయ్యి తీసేసి, అడ్జస్ట్ అని ముందే అన్నానన్నాడు. రిఫరీ వచ్చి బల్ల మీద ఆటను చూడలేదట. ఇద్దరి మొహాలూ చూశాడు. చూసి తెల్లవాడి మాట నమ్మాడు. గురువుగారు వాదించలేదు. వాదిస్తే, చూశారా వీడికెంత కోపమో అంటారు. ఆ బిరుదు కోసం ఆయన మళ్ళీ ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. "నీ నోటిని వాళ్ళు నమ్మరు, పావులతో మాట్లాడు" అని శిష్యులకు చెప్పేవాడట.

అది విని నేను ఏడ్చాను. క్యాంటీన్ బెంచీ మీద, అందరూ చూస్తుండగా, చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ తెల్లవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఎంత బాగా ఏడ్చానో ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడుపు నిజమేనా? నిజమే. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

తర్వాత కొన్నాళ్ళకే క్యాంపస్ టోర్నమెంట్ పెట్టారు. ఫైనల్లో మాస్టారూ నేనూ. హాలు కిటకిటలాడింది. అష్టాచెమ్మా ఆడుకోమన్న నోళ్ళన్నీ ఆ రోజు "మన అక్క, మన అక్క" అని అరిచాయి. ఎదురుగా బయటివాడు కూర్చుంటే తప్ప నేను వాళ్ళకి అక్కను కాలేదు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా ఒళ్ళు పొంగింది.

ఆట నడిమిలో నాకు ఒక బంటు తేరగా కనిపించింది. మంత్రితో కొడదామని చెయ్యి చాచి, మంత్రి తల పట్టుకున్నాను. వేళ్ళ కింద ఆ చెక్క నున్నగా తగిలింది. అప్పుడు కనిపించింది ఆయన పన్నిన వల. నా మంత్రి ఒకచేత్తో గుర్రాన్నీ, ఇంకోచేత్తో వెనక వరుసలో రాజునూ కాస్తోంది. అది ఎటు జరిగినా రెండింట్లో ఒకటి పోతుంది. దాన్ని కదపకుండా పక్కనున్న బంటును ఒక్క గడి తోస్తే చాలు, బతికిపోతాను. కానీ ముట్టుకున్నాను గదా.

ఆలోచించానా? అందరూ అడిగే ప్రశ్న ఇదే, నన్ను నేను అడుక్కున్నదీ ఇదే. కంగారులో నోరు జారిందని చెప్పుకుంటే ఎంత హాయి! జారలేదు. ఆ గురువుగారి కథ నాకు పొల్లుపోకుండా గుర్తొచ్చింది. తెల్లవాడు ఏం చేశాడో గుర్తొచ్చింది. రిఫరీ మొహాలు చూశాడన్నది గుర్తొచ్చింది. ఈ హాల్లో ఏ మొహాన్ని నమ్ముతారో ఒక్క చూపులో లెక్క తేలింది. అప్పుడు మంత్రిని గడిలో అటూ ఇటూ తిప్పి వదిలేసి, "సర్దుతున్నా" అన్నాను. చెయ్యి పెట్టాక అన్నాను. ఇంగ్లీషులో అనలేదు. తెలుగులో అంటే ఆయన ఎప్పుడన్నానో చెప్పలేడని తెలుగులో అన్నాను. ఏ అన్యాయం విని ఏడ్చానో, ఆ అన్యాయాన్నే పాఠం అప్పజెప్పినట్టు చేశాను.

మాస్టారు గడియారం ఆపి చెయ్యెత్తాడు. ఆ రోజు రిఫరీ లెక్కల లెక్చరర్ రావుగారు. మా నాన్నకు స్నేహితుడు, మా వైపు వాళ్ళే, గోదావరి జిల్లా నుంచి వచ్చి బౌద్ధనగర్‌లో స్థిరపడ్డ మనిషి. ఆయన వచ్చి బల్ల చూడలేదు. మా మొహాలు చూశాడు.

"అమ్మా, ముందే అన్నావా?" అన్నాడు.

"అన్నానండీ."

అంతే. ఆట సాగించమన్నాడు. మాస్టారు గడియారం మళ్ళీ నడిపించాడు. నేను బంటు తోశాను. ఆ తర్వాత బాగా ఆడాను, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఆయన ఓడాడు.

ఎత్తులు రాసుకున్న కాగితాల మీద ఇద్దరం సంతకాలు పెట్టాలి. అప్పుడే ఎవరో ఫోటో తీశారు. ఆ తర్వాత మాస్టారు నా వైపు వంగి, నాకు ఒక్కదానికే వినపడేట్టు ఇంగ్లీషులో అన్నాడు.

"ఆ మాట నాకు తెలుసు."

"ఏ మాట?"

"సర్దు. మీ ఊళ్ళో నాకు మొదట వచ్చిన మాట అదే. రోజూ ఆటోలో ముగ్గురు పట్టే చోట నలుగురం కూర్చుంటే డ్రైవర్ వెనక్కి తిరిగి అంటాడు."

అని, అచ్చం ఆ డ్రైవర్ గొంతుతోనే, "జర సర్దుకో భయ్యా, ఇంకో సవారీ ఉన్నది" అన్నాడు. ఎంత చక్కగా అన్నాడంటే, వేరే రోజైతే నవ్వేదాన్ని.

"నువ్వు చెయ్యి పెట్టాక అన్నావు. విన్నాను."

"ముందే అన్నాను మాస్టారూ."

కళ్ళలోకి చూస్తూ అన్నాను. రెండోసారి అబద్ధం మొదటిదానికన్నా తేలిక. ఆయన నా వైపు ఆటను చూసినట్టు చూశాడు, ఇంకేమైనా ఎత్తు మిగిలుందా అని. తర్వాత కలం మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు తెలుగులో. "నేను సర్దుకుంటా."

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అక్కడితో అయిపోతే ఒక ఆట పోయిందనుకునేవాళ్ళం. కానీ చెయ్యెత్తాడు గదా, దాన్ని పట్టుకున్నారు. ఆడపిల్ల చేతిలో ఓడి దొంగ ఫిర్యాదు చేశాడన్న మాట సాయంత్రానికల్లా హాస్టళ్ళన్నీ తిరిగింది. "గా కర్రోడు ఓడి లొల్లి వెట్టిండు" అని, ఆయన నలుపును ఎత్తిపొడుస్తూ, క్యాంటీన్లో నా పక్కనే నవ్వుకున్నారు. నేను చాయ్ తాగుతూ విన్నాను. రాతిబెంచీ దగ్గరికి పిల్లలు రావడం మానేశారు. కొన్నాళ్ళు ఆయన గుడ్డ పరుచుకుని ఒక్కడే కూర్చున్నాడు. నేను అటువైపు వెళ్ళకుండా లైబ్రరీ వెనకనుంచి చుట్టూ తిరిగి పోయేదాన్ని. తర్వాత ఆయనా రావడం మానేశాడు. అనుకున్నదానికన్నా ముందే తన దేశం వెళ్ళిపోయాడని చరిత్ర విభాగంలో చెప్పారు. పని అయిపోయిందా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చూసినవాళ్ళు ఇంకెవరూ లేరా? ఉన్నారు. మాతో చదువుకోడానికి గోల్నాక నుంచి వచ్చే యాదగిరి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. తర్వాత వారం నన్నాపి, "నేను జూసిన. చెయ్యి వెట్టినంకనే అన్నవ్. ఏం గాదు చెల్లె, మనోళ్ళు గెలవాలె గద" అని భుజం తట్టాడు. ఆ చేతి కిందనుంచి భుజం తప్పించుకున్నాను. అయినా నవ్వాను. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

ఇక నా వైభవం వినండి. ఆ ఫోటో పేపర్లో పడింది. దానితో పేరొచ్చింది, పేరుతో పిల్లలొచ్చారు, పిల్లలతో మేడమీద రెండు గదులొచ్చాయి. నా దగ్గర ఒక నియమం గట్టిగా ఉంటుందని మల్కాజ్‌గిరి దాకా ప్రసిద్ధి. ముట్టుకుంటే ఆడాల్సిందే. ఏడ్చినా సరే, అమ్మానాన్నలు ఎదురుగా ఉన్నా సరే. మేడమ్ చాలా స్ట్రిక్ట్ అంటారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆ నియమాన్ని పట్టుకుని వేలాడాను.

ఇంకా సిగ్గుమాలిన పని ఒకటి చేశాను. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు మాస్టారి గురువు కథ చెప్పేదాన్ని. క్లబ్బుల గుమ్మాలూ, పార్కు బల్లలూ, పోస్టు కార్డులూ అన్నీ. ఏనుగును ముట్టుకుని అబద్ధమాడిన తెల్లవాడి దగ్గరికొచ్చేసరికి గొంతు వణికించేదాన్ని. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వినేవాళ్ళు. ఆ మాస్టర్లు నా సొంత ఆస్తి అన్నట్టు వాడుకున్నాను.

మొన్న వేసవి బ్యాచ్‌లో ఒక పాప చెయ్యెత్తి అడిగింది: "ఆ అబద్ధం చెప్పినాయన తర్వాత ఏమయ్యాడు మేడమ్?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అన్యాయం పొందినవాడి సంగతే అందరూ అడుగుతారు. చేసినవాడు ఏమయ్యాడో, బాగా తిన్నాడా, నిద్రపోయాడా, ఎవరికి కావాలి? తార్నాకలో సెంటర్ పెట్టుకుని నీకు పాఠం చెబుతున్నాడమ్మా అన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. "తెలీదు" అన్నాను. మళ్ళీ అబద్ధం. ఆ పాప తెల్లకాగితంలాంటి మొహంతో, సరే మేడమ్ అని పావులు పేర్చుకుంది. నేను లోపలిగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆ వారంలోనే యాదగిరి వచ్చాడు. ఇప్పుడతను కాలనీలో పెద్దమనిషి. నా సెంటర్ వార్షికోత్సవం ఘనంగా చేద్దామని అతని ఉత్సాహం. తార్నాక చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు, బస్సు దిగేసరికి ఎదురుగా నా మొహం. పక్కన అదే ఫోటో పెద్దది చేసి పెట్టారు, తల వంచుకుని సంతకం పెడుతున్న మాస్టారు. ముఖ్య అతిథి రావుగారట. ఆ ఆట గురించి నేను పది నిమిషాలు మాట్లాడాలట. మాట్లాడతాను గానీ జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను. మొదట నవ్వాడు. నిజంగానే అంటున్నానని తెలిశాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎందుకు చెల్లె ఇప్పుడు గవన్నీ? ఎవలకు యాదున్నది? సార్ ఇజ్జత్ గూడ పోతది. నీ సెంటర్ ఏమైతది? పిల్లలు పోతరు. జర సర్దుకపో."

వేరే ఏ మాట అన్నా ఏమో. ఆ మాటే అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను సర్దుకోను అన్నాను. గట్టిగా అన్నాను, పక్కగదిలో పిల్లలు తలలెత్తి చూశారు. ఈ ఊళ్ళో సర్దుకోవడమంటే ఏమిటో చూశాను. బలమున్నవాడు కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు, లేనివాడు ఒదిగి అంచుమీద కూర్చుంటాడు. ఆ రోజు హాల్లో కాళ్ళు చాపుకున్నది మనం. ఒదిగినవాడు హబ్సిగూడలో అద్దెకుండి, ఎవరికీ చెప్పుకోలేక వెళ్ళిపోయాడు. రావుగారి ఇజ్జత్ అంటావా, ఆయన మొహాలు చూసి తీర్పు చెప్పాడు, ఆ సంగతి ఆయనకు తెలుసు. నీ సంగతి నీకు తెలుసు. నా సంగతి ఇదిగో ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. పిల్లలు పోతే పోనీ.

యాదగిరి వెళ్ళిపోయాడు. అప్పుడు బల్లమీద కుర్చీ వేసుకుని ఎక్కి ఆ ఫోటో దించాను. గోడమీద దాని ఆకారంలో తెల్లటి మరక మిగిలింది. సున్నం వేయించమని ఇంటాయన అంటున్నాడు. వేయించను.

దీనికింద పేరు రాయడం లేదు. దాక్కోవడానికి కాదు. తార్నాకలో నన్ను ఎరిగినవాళ్ళకు పేరు అక్కర్లేదు, ఎరగనివాళ్ళకు అది ఎవరైనా ఒకటే. సభలో ఇదే చదువుతాను. మైకు లాక్కుంటే మెట్లమీద నిలబడి చదువుతాను.

ఆయనకు రాసి క్షమించమని ఎందుకు అడగలేదంటారేమో. వెతికితే దొరుకుతాడు, నాకు తెలుసు. వాళ్ళ ఊరి పార్కులో ఇప్పటికీ పిల్లలకు నేర్పుతున్నాడని విన్నాను. చాలాసార్లు రాయబోయాను. కానీ క్షమించమని అడిగితే ఆయన ఏం చెయ్యాలి? మంచి మనిషి కాబట్టి సరే అనాలి. అంటే నా కోసం మళ్ళీ ఒకసారి సర్దుకోవాలి. ఆ పని ఆయన చేత ఇంకోసారి చేయించను. ఆయన నన్ను క్షమించకుండా ఉండే హక్కు ఆయనకుంది, దాన్ని కూడా నేను లాక్కోను.

ఈ సంగతి ఆయన చెవిన పడితే పడుతుంది. పడకపోయినా, ఆయన్ని చూసి నవ్విన ఊరికి తెలియాలి. ఇన్నేళ్ళ తర్వాత ఒక పావును ముట్టుకుని, దాన్నే కదుపుతున్నాను.

మంత్రిని ముట్టుకున్నాను. ముందు ఏమీ అనలేదు. ఆ ఆట మాస్టారిది.